జానెడు పెట్టెలో బెత్తెడు మరమనిషి

కాజీపేట నుండి యొక సోదరీమణి మాకు లేఖ వ్రాసినారు. వారి కుమార్తెకు పదునొకండేండ్లు. ఆ బాలిక యొక జపాను ఆటబొమ్మ కావలెనని రెండు మాసములుగా నడుగుచున్నదట. అది సిద్ధముగా వచ్చు బొమ్మ కాదు. పెట్టెలో ముక్కలు వచ్చును, వానిని మనమే కూర్చుకొనవలెను. కూర్చిన పిమ్మట పెద్ద తలయు పొట్టి కాళ్లును గల మరమనిషి యగును. వెల వేయి రూపాయలకు దగ్గర. “మా అత్తగారు అది మగపిల్లల వస్తువనుచున్నారు. మా వారు రెండు దినములలో మూలబడుననుచున్నారు. పిల్లకో, లెక్కల పుస్తకము అంచులలో సైతము తలపెద్ద బొమ్మలు గీయుట తప్ప వేరు ధ్యాస లేదు. బడిలో చీవాట్లు తినుచున్నది. ఈ బొమ్మ కొనియిచ్చినచో ఆ పిచ్చి తీరునా, ముదురునా? మీరు చూచి చెప్పుడు” అని ఆమె కోరినారు.

చూడక చెప్పుట ఈ శీర్షికకు మర్యాద కాదు. కావున మేమును అట్టి పెట్టె నొకదానిని తెప్పించి, హనుమకొండలో మా యింట రెండు మధ్యాహ్నములు వెచ్చించి కూర్పించి చూచితిమి. కూర్పించితిమనుటయే నిజము. చేతులు మావి కావు. మా ఆడుబిడ్డ కుమార్తెవి, మా మరిది కుమారునివి. వేసవి సెలవులకు ఇద్దరును మా యొద్దనే యుండిరి. బాలికకు పన్నెండేండ్లు, బాలునకు పదునాలుగు. మా అత్తగారు పీట వేసికొని కూర్చుండి తీర్పరి పదవి వహించిరి. పెట్టె చేసినవారి పేరును, అమ్మినవారి పేరును ఇచ్చట వ్రాయము. ఒక్క పెట్టెను జూచి యొక సంస్థను పొగడుటయు దూషించుటయు న్యాయము కాదు.

ముందుగా ఈ వింత రూపము ఎట్లు పుట్టినదో చెప్పవలెను. ఆ కథ లేఖ వ్రాసిన తల్లికి మిక్కిలి పనికివచ్చును. 1979లో జపాను టెలివిజనులో తొమినో యోషియుకి యనునతని దర్శకత్వమున నొక కదలు బొమ్మల కథ ప్రారంభమయ్యెను. అందు మనుష్యులు లోపల గూర్చుండి నడుపు యుద్ధయంత్రములు గలవు. ముఖ్యమైన దానికి సుమారు 18 మీటరుల యెత్తు. దాని పేరు మన పిల్లల నోట ‘గండం’ అని పలుకును. ఆ మాట చెవినిబడగనే మా అత్తగారు “ఇంట్లకు గండం కొనుక్కొని తెచ్చిన్రా?” అని నిజముగనే కలవరపడిరి. 1980 జూలైలో బాండాయి యను సంస్థ ఆ యంత్రమునకు 144వ వంతు ప్రమాణముగల ప్లాస్టిక్కు నమూనాను అమ్మకమునకు పెట్టెను. నాటి వెల 300 యెన్‌లు. అది నిటారైన వీరుని ఆకారమే. తల చిన్నది, కాళ్లు పొడవు.

ఆ వీరుని తలను పెంచి కాళ్లను కుదించినవాడు సంస్థలోని చిత్రకారుడు కాడు. నగోయా పట్టణమున నొక పాఠశాల విద్యార్థి. పేరు యొకోయి కోజి. అతడు 1984 ప్రాంతమున ఆ యంత్రములను హాస్యముగా, పెద్ద తలలతో గీసి, నమూనాల ముచ్చట్లు ప్రచురించు నొక పత్రికకు పాఠకుల బొమ్మలుగా పంపుచుండెను. సంపాదకునకు నవి నచ్చినవి. నాలుగు గడుల హాస్యచిత్రములు గీయుమని యా బాలునికే పని యప్పగించిరి. 1985లో ఆ రూపములు చిన్న రబ్బరు బొమ్మలై వచ్చినవి. 1987 నుండి ముక్కల పెట్టెలుగా వరుస వెంబడి వరుస వెలువడుచున్నవి. ఈ రీతికి ‘సూపర్ డిఫార్మ్‌డ్’ అని పేరు. పిల్లలు పొడియక్షరములతో ‘ఎస్.డి.’ అందురు. ‘మిక్కిలి వికృతము చేయబడినది’ అని యర్థము చెప్పుకొనవలెను. కాని చూచిన వారెవ్వరును దానిని వికృతమనరు, ముద్దుగా నున్నదనియే యందురు.

ముద్దెందులకు? పెరిగిన మనుష్యుని యెత్తు అతని తలకు ఏడు ఏడున్నర రెట్లుండును. అప్పుడు పుట్టిన బిడ్డ నాలుగు తలల యెత్తు మాత్రమే. ఈ మరమనిషి మూడు తలలకు మించడు. పెద్ద నుదురు, పెద్ద కన్నులు, పొట్టి చేతులు చూడగానే మన మనస్సున చంటిబిడ్డ మెదలునని 1943లో కాన్రాడ్ లోరెంజు అను శాస్త్రజ్ఞుడు వ్రాసెను. మన శిల్పులకిది క్రొత్త సంగతి గాదు. శిల్పశాస్త్రమున ముఖము పొడవును తాళమని కొలత పెట్టుకొని, దేవతలకు తొమ్మిది పది తాళములును, వినాయకునకైదును, బాలురకును పొట్టి గణములకును నాలుగును చెప్పియున్నారు. పిళ్లారిని జూచి ‘వికృతము’ అని యెవ్వరైన ననిరా?

ఇక పెట్టె సంగతి. అది జానెడు పొడవు; కూర్చిన బొమ్మ బెత్తెడు. లోపల తెలుపు, నీలము, ఎరుపు, పసుపు వన్నెల ప్లాస్టిక్కు చట్రములు కొన్ని యుండెను. చట్రమునకు ముక్కలు చిన్న కాడలతో, కొమ్మకు కాయలవలె నంటియుండును. ప్రతి ముక్క ప్రక్కను కాడమీద నొక యంకె. తోడుగా నొక మడతకాగితము, అందు ఏ యంకెగల ముక్క ఏ ముక్కతో గలియునో బొమ్మలతో చూపియుండును. వ్రాత జపాను లిపి. అయినను బొమ్మలను బట్టి పని జరిగిపోవును. జిగురు అక్కరలేదు, ఒకదాని మొల మరియొకదాని రంధ్రమున కూర్చొని బిగియును. ముక్కల రంగే బొమ్మ రంగు గనుక పూతయు నవసరము లేదు. మిగిలిన చిన్న రంగులకు అంటించుకొను స్టిక్కర్లిత్తురు.

ఆ యంకెలే ప్రాణము. ఇది మాకు మొదటి మధ్యాహ్నమే తెలిసివచ్చినది. బాలిక భోజనమునకు పోయి వచ్చునంతలో బాలుడు ఉత్సాహము పట్టజాలక రెండు చట్రముల ముక్కలన్నింటిని కటకట కత్తిరించి చేటలో పోసెను. అంకెలు కాడల మీదనే మిగిలినవి. చేటలో నెనుబదికి పైగా పేరులేని ముక్కలు. ఏది కుడి భుజమో ఏది యెడమ మోకాలో దైవమెరుగును. బాలిక యేడ్చెను. బాలుడు తప్పు తెలిసికొని, తెలిసినది గనుకనే కోపగించి, “ఇది పనికిరాని వస్తువు, పారవేయుడు” అని లేచిపోయెను. మా మరిదియు అంతవరకు వార్తాపత్రిక చదువుచుండి, తొమ్మిదివందల చిల్లర నీటబోసితిమని యొక మాట విసరిరి. లేఖ వ్రాసిన సోదరి భర్తగారు రెండు దినములనిరి. మా యింట రెండు గంటలే పట్టినవి.

అప్పుడు బాలిక కన్నులు తుడుచుకొని, ఖాళీ చట్రములను తెల్లకాగితము మీద పరచినది. కాడ తెగినచోట చట్రమున కొంత మొండెము మిగులును. ముక్కకును అట్టి గుర్తే యుండును. చట్రమునగల ఖాళీ వంపును, కాగితములోని బొమ్మను, చేటలోని ముక్కను మార్చి మార్చి చూచుచు, ఒక్కొక్కదాని స్థానమును కనుగొని, దాని యంకె వ్రాసిన చీటిమీద నుంచసాగినది. కుడియెడమలు ఒకదాని కొకటి యద్దపు నీడవలె నుండుటచే తికమకపడును. ఆమె పెన్సిలుతో కాగితముమీద గీసి త్రిప్పి చూచుకొనెను. గంటన్నర గడచునప్పటికి నాలుగు ముక్కలు తప్ప తక్కినవి తమ యంకెలను చేరినవి. మేము పక్కన గూర్చుండి ఒక్క ముక్కనైనను గుర్తింపలేకపోతిమని యొప్పుకొనవలెను. ఆకారమును కంటితో పట్టి మనసులో త్రిప్పుకొనుట మాకు చేతకాలేదు. ఆ బిడ్డకది ఎచ్చట నబ్బినదో వేరుగా చెప్పనేల? ఆమె నోటుపుస్తకములును మేము చూచియున్నాము.

ఆ సాయంకాలము బాలుడు తిరిగివచ్చి, చీటీల వరుసను చాలసేపు చూచి, “మన వేయి స్తంభాల గుడిలో రాళ్లకు గూడ గిట్లనే నంబర్లు వేసిన్రు కదా” అనెను. అది అతడు చెప్పిన క్షమాపణ. అతడన్నది నిజమే. 1163లో రుద్రదేవుడు కట్టించిన యా గుడిలోని కల్యాణమండపమును 2006లో పురావస్తుశాఖవారు, పునాది క్రుంగి ప్రమాదకరముగా నున్నదని, రాయి రాయికి అంకె వేసి విప్పిరి. చెడిపోయిన వానికి బదులు క్రొత్తరాళ్లు చెక్కింపవలసి వచ్చినది. పని సాగి సాగి, మండపము మరల 2024 మార్చిలో తెరువబడెను. హనుమకొండ పిల్లలు ఒక తరమువారు ఆ రాళ్ల వరుసలను జూచుచునే పెరిగిరి. మా మరిది కుమారుడు వారిలో నొకడు.

మరునాడు ఇద్దరును కలిసి కూర్చుండిరి. కాడ కత్తిరించుటలో నొక కిటుకు గలదు. ముక్క మొదట నొకేసారి కత్తిరించినచో ప్లాస్టిక్కు వంగి తెల్లని మచ్చ పడును. ముదురు రంగు ముక్కలపై నది బొల్లివలె కనబడును. మొదట కొంచెము దూరముగా కత్తిరించి, మిగిలిన మొండెమును రెండవమారు మెల్లగా తీసివేసి, పిదప సన్నని ఉప్పు కాగితముతో రుద్దవలెను. కూరగాయల కత్తియు కుట్టుకత్తెరయు దీనికి పనికిరావు. విద్యుత్తు పనివారు తీగలు త్రుంచు చిన్న కట్టరు వంటిది, ఒక ప్రక్క చదునుగా నుండునది, కావలెను. ఉప్పు కాగితము లేకున్న గోళ్లు అరగదీయు ఆకురాయితో మేము పని గడపితిమి, బాగుగనే యున్నది. ముక్కలను చేటలో నుంచుకొనుట మా అత్తగారి యుపాయము. క్రిందబడిన దానిని వెదకుట తప్పినది.

సగము పని యైనతరువాత మరియొక యాపద. చేయి భుజమున దూర్చుచుండగా మొల పుటుక్కున విరిగి రంధ్రములోనే చిక్కుకొనెను. జిగురు పెట్టినచో నిలుచును గాని చేయి తిరుగదు. పిల్లలిద్దరును నిరాశపడి చూచుచుండిరి. మా అత్తగారు దానిని చేతిలోనికి తీసికొని, “మా చిన్నప్పుడు గుడ్డబొమ్మ మెడ వాలిపోతే చీపురుపుల్ల గుచ్చేటోళ్లం. దీనికి గూడ పుల్ల గుచ్చరాదుండ్రి” అనిరి. పిల్లలు నవ్విరి. కాని బాలిక నవ్వు మధ్యలోనే ఆగినది. సూదిని పట్టకారుతో బట్టి మంటలో కాచి యిచ్చుట మా వంతు. విరిగిన చోట రెండు ప్రక్కలను సన్నని రంధ్రము చేసి, గుండుసూది ముక్క నొకదానిని దూర్చి, ఒక ప్రక్క మాత్రమే జిగురు చుక్క వేసిరి. చేయి నిలిచినది, తిరుగుచున్నది. కాలిన ప్లాస్టిక్కు పొగ మంచిది కాదు. కిటికీలు తెరచి, పెద్దలే చేయవలసిన పని యిది. ఆ చేయి చూపుచు మా అత్తగారు ఇరుగుపొరుగువారికి ఈ కథ నిప్పటికి ఏడెనిమిదిమారులు చెప్పియుందురు.

పూర్తియైన బొమ్మ ఎట్లున్నది? ముందునుండి చూడ ముచ్చటగా నున్నది. తల నిటునటు త్రిప్పును. భుజములు, నడుము కొంత కదలును. కాళ్లు పొట్టివగుటచే మోకాలు వంగుట నామమాత్రము. ప్రకటన చిత్రములో నెగిరి దూకుచున్నట్లు చూపిన భంగిమ మాకు సాధ్యము కాలేదు. తల బరువు వలన వెనుకకు ఒరుగునేమో యని శంకించితిమి గాని, పాదములు బండగా వెడల్పుగా చేసినందున నిలకడగా నిలిచినది. వెనుక ప్రక్క చూడ మనస్సు కొంత చిన్నబోవును. కాళ్ల వెనుకను, ఆయుధము లోపలి ప్రక్కను ప్లాస్టిక్కు బోలుగా నున్నది. ఈ జాతిలో వెల తగ్గించుట కట్లు చేయుట వాడుక. స్టిక్కర్లు మరియొక చిక్కు: గింజంత ముక్కలు, వంపుమీద నతికింపగా అంచులు లేచుచున్నవి. బాలిక కొన్నిటిని మాని, నీటిలో కలియు రంగును సన్నని కుంచెతో వేసికొనెను. అది స్టిక్కరు కంటె నందముగా నున్నది. రంగు వేయదలచువారు గోళ్ల రంగును మాత్రము ముట్టవలదు. అందలి ద్రావకము ప్లాస్టిక్కును కరగించి ముఖము చెడగొట్టును.

కన్నుల విషయమై యింట చిన్న తగవు జరిగినది. మా పెట్టెలో రెండు విధముల కన్నులిచ్చిరి. ఒకటి యంత్రమునకు దగినట్లు శూన్యముగా మెరయునది. రెండవది నల్లగుడ్డు గలది. బాలుడు మొదటిదే న్యాయమనెను. బాలిక రెండవది. మా అత్తగారు “కండ్లు లేని బొమ్మ ఇంట్ల ఉండొద్దు” అని తీర్పు చెప్పుటతో నల్లగుడ్డ్లు పడినవి. మేమును అత్తగారి పక్షమే.

మా మనస్సున మెదలిన యొక లోపమును దాచము. ఈ యాటలో కాగితము చెప్పినట్లు చేయుటయే గాని సొంత కల్పనకు చోటు తక్కువ. కొలతలన్నియు మునుపే యొకరు వేసిపెట్టినారు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముద్దచేసి బొమ్మలను దిద్దుదురు. కొండపల్లివారు తెల్ల పొణికి కర్రతో చేతులు, తలలు వేర్వేరుగా చెక్కి అట్టి ముద్దతోనే యతికి రంగులు వేయుదురు. అచ్చట ఒక బొమ్మకును మరియొక బొమ్మకును పోలిక తప్పును. చేసిన చేయి కనబడును. మా మరమనిషివంటి వారు లోకమునందు వేలకొలది యుందురు. అయినను కొండపల్లి బొమ్మను మనము కొని గూటిలో నుంచుదుము. దాని చేయి ఎట్లు అతికెనో మన పిల్లలెరుగరు. దీని భుజములో నేమున్నదో మా పిల్లలిద్దరికిని తెలియును, గుండుసూదితో సహా.

మూలబడునా యని సోదరి భర్తగారి ప్రశ్న. ఆడుకొనుటకైనచో నిది రెండు దినముల వస్తువే, వారి మాట తప్పుకాదు. మొలలు సన్నవి, బలముగా పెనగులాడిన విరుగును. దీని వెల కూర్చు గంటలకు చెల్లును. మా లెక్కకు తప్పుడు కత్తిరింపు గంటన్నర పోగా నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలలో ఇంట ఫోనెవ్వరును ముట్టలేదు. అంత కాలము పన్నెండేండ్ల పిల్లయు డెబ్బదియేండ్ల పెద్దదియు ఒక చేట ముందు కూర్చుండుట మా యింట నీ మధ్య జరిగియుండలేదు. ఇది వేయి రూపాయలు చేయునా యనునది ఎవరి యింటి లెక్క వారిదే. నెలవారి ఖర్చులకు తడుముకొను నింట దీనికై అప్పుచేయుడని మేము చెప్పము. పుట్టినదినమునకో పరీక్షల పిమ్మటనో ఒక్క పెట్టె చాలును. మొదలుపెట్టినచో ఈ వరుసలకు అంతము లేదు, పిల్లలు రెండవది యడుగుట నిశ్చయము. మా యింట నప్పుడే యడిగినారు.

మగపిల్లల వస్తువని యత్తగారి మాట. మా యింట ముక్కలన్నియు కలిపి చెడగొట్టినదెవరో, నిలబెట్టినదెవరో పైన వ్రాసితిమి. ఆ యత్తగారికి ఈ భాగమును చదివి వినిపింపుడు. మా అత్తగారి చీపురుపుల్ల సంగతి గూడ తప్పక చదువుడు.

ఇక లెక్కల పుస్తకము అంచున గీసిన బొమ్మలు. ఈ మరమనిషియే నలువదేండ్ల క్రిందట నొక బడిపిల్లవాడు గీసి పంపిన బొమ్మ. మీ బాలికకు ఒక వేరు నోటుపుస్తకము కొనియిండు. లెక్కలది లెక్కలకే యుంచుమని చెప్పుడు. పిచ్చి తీరునా యని యడిగితిరి. మా మేనకోడలికి తీరలేదు. మిగిలిపోయిన స్టిక్కర్ల వెనుక నిపుడు మా అత్తగారిని మూడు తలల యెత్తున గీసియున్నది, చేతిలో చీపురుపుల్లతో.

జాగ్రత్తలు రెండు. ఇంట మూడేండ్లలోపు పిల్లలున్నచో ఈ ముక్కలు వారి చేతికి నోటికి అందరాదు, గొంతున నడ్డుపడును. కూర్చు చోట చాప పరచి, పని ముగిసిన వెంటనే చాపను దులిపి చూడవలెను. కట్టరు పదును గలది. కత్తిరించునపుడు ముక్క యెగిరి కంటబడకుండ అరచేతిని అడ్డుపెట్టవలెను.

పెట్టెతోపాటు కట్టరు రాదు. అంగడిలో నది వేరుగా కొనవలెను. మా కట్టరు ఇపుడు ఖాళీగా నున్నది. కావలసినచో మీ బాలికను పంపుడు; కాజీపేట దూరమేమియు గాదు.